కాకతాళీయ వైద్యం

సరూర్‌నగర్ చెరువు గట్టు మీద ఉదయపు నడకలో కలిసే మిత్రులొకరున్నారు. నావలెనే విశ్రాంత తెలుగు పండితులు. మొన్న మాటల మధ్య, "2021లో కృష్ణపట్నం మందును మనవాళ్ళే తొక్కిపెట్టారండీ. అదే విదేశంలో పుట్టి ఉంటే నెత్తిన పెట్టుకునేవారు" అన్నారు. వాదం పెంచడం ఇష్టం లేక ఊరకున్నాను. ఆ ఊరకుండడం తప్పని ఇంటికి వచ్చాక తోచి ఈ టపా వ్రాస్తున్నాను.

ముప్ఫై ఏళ్ళు పిల్లలకు కాకతాళీయ న్యాయం బోధించినవాళ్ళం మేమిద్దరమూ. కాకి వాలింది, తాటిపండు పడింది. కాకియే పడగొట్టిందా? తెలియాలంటే కాకి వాలని చెట్లను కూడా చూడాలి. కొత్త రోగానికి మందు వెదకడంలోని కిటుకంతా ఇదే. కోవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ మందూ లేకుండానే కోలుకున్నారు. అటువంటి రోగం విషయంలో "వేసుకున్నాను, తగ్గింది" అని ఎందరు చెప్పినా అది సాక్ష్యం కానేరదు.

ఆ మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నానికి జనం వేలుగా తరలిపోయారు. ఆనందయ్యగారి సద్భావాన్ని నేను శంకించను. కంటిలో చుక్కలు వేయగానే తేరుకున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయులు చెప్పిన వీడియో ఇంటింటా తిరిగింది. ఆ నెలాఖరునే ఆయన ఆసుపత్రిలో కన్నుమూశారు. ఈ రెండవ వార్త ఎందరు పంచుకున్నారు? కంటి చుక్కలు తప్ప తక్కిన వాటికి ప్రభుత్వం అనుమతినిచ్చింది. హాని లేదన్నారే గాని, కోవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం ఉందనలేదు. "హాని లేదు" అన్న మాటకు "పనిచేస్తుంది" అని అర్థం చెప్పుకున్నాం. ప్రతిపదార్థం చెప్పి జీతం తీసుకున్న మనమే!

ఆయుర్వేదాన్ని చులకన చేస్తున్నానని అలగవద్దు. చరకుడు ఆప్తోపదేశం దగ్గర ఆగిపోలేదు. ప్రత్యక్షం, అనుమానం, యుక్తి కూడా కలిపి నాలుగు పరీక్షలు చెప్పాడు. మా మిత్రులకు మొదటిదొక్కటే చాలు, ఆ ఆప్తుడూ వాట్సాప్‌లో ఉంటాడు.

తెల్లకోటువారిని మాత్రం వదలగలనా? 2021 ఏప్రిల్‌లో మా తమ్ముడికి ప్రాణవాయువు పెట్టవలసి వచ్చింది. ఆ ఆసుపత్రి పేరు ఇక్కడ అనవసరం. రెమ్‌డెసివిర్ ఆరు సీసాలు మీరే తెచ్చుకోండని చీటీ చేతిలో పెట్టారు. మా అబ్బాయి దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్బీనగర్ దాకా మందుల దుకాణాలన్నీ గాలించి, చివరకు ఒక దళారి అడిగినంత ఇచ్చి తెచ్చాడు. అందుకు మా మరదలి గాజులు పోయాయి. పిదప ప్లాస్మా దాతను వెదకమన్నారు. ఆసుపత్రిలో చేరినవారికి రెమ్‌డెసివిర్ వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులోనే చెప్పి ఉన్నది. (ముప్పు ఎక్కువగా ఉన్నవారికి రోగం ముదరకముందే ఇస్తే మేలని 2022లో సవరించింది. ఋజువు మారితే మాట మార్చుకోవడం తప్పు కాదు.) ప్లాస్మా సంగతి మన దేశంలోనే తేలింది: ఐసీఎంఆర్ వారు 39 ఆసుపత్రులలో 464 మందిపై పరీక్షించి, మరణాలను తగ్గించడం లేదని 2020లోనే ప్రకటించారు. మాకు ఇవేవీ చెప్పినవారు లేరు.

నిజంగా ప్రాణాలు నిలిపిన మందు ఏది? డెక్సామెథసోన్, కొద్ది రూపాయల పాత మందు. బ్రిటన్‌లో చీటీలు వేసినట్లు రోగులను విభజించి, 2,104 మందికి అది ఇచ్చి, 4,321 మందికి ఇవ్వకుండా చూశారు. వెంటిలేటర్ మీద ఉన్నవారిలో మరణాలు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో వెల్లడైంది. ప్రాణవాయువు అవసరం లేనివారికి ఏ మేలూ కనబడలేదు. ఆ రెండో వాక్యం మనవాళ్ళు చదవలేదు. ఇష్టం వచ్చినట్లు స్టెరాయిడ్లు వాడడం నల్ల ఫంగస్ పెరగడానికి ఒక కారణమైంది. 2021 మేలో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రికి ఆ రోగులు బారులు తీరారు.

తమ్ముడు బ్రతికాడు. అతనికి డెక్సామెథసోన్ కూడా ఇచ్చారు. అయినా ఆ ఆరు సీసాలే కాపాడాయని మా మరదలు ఈనాటికీ అంటుంది. ఆమెతో నేను వాదించను. గాజులు తీసి ఇచ్చిన చేతులవి. గట్టు మీది మిత్రులకు ఆ మినహాయింపు లేదు. రేపు కలిసినప్పుడు అడుగుతాను: "అయ్యా, ఆ ప్రధానోపాధ్యాయుల వారిని మీరు ఏ లెక్కలో వేశారు?"