కోబాల్ట్ సీసా, హార్డ్‌నర్ సీసా ఒకే సంచిలో వద్దు

హైదరాబాద్ కామిక్ కాన్‌కి వేషం కట్టే పిల్లలూ, వాళ్లకు గది వదిలేసిన పెద్దలూ ఇది వెంటనే చదవాలి. ఐరన్ మ్యాన్ కవచాన్ని అట్టతో మడిచి అతికించినంతవరకు ఏ బాధా లేదు. అది గట్టిపడాలని పాలియెస్టర్ రెసిన్ పూసి, లోపల ఫైబర్ గ్లాస్ మ్యాట్ పరిచే దగ్గరే ప్రాణం మీదికి వస్తుంది.

చాలా దుకాణాల్లో రెసిన్ డబ్బాతో పాటు రెండు చిన్న సీసాలు చేతిలో పెడతారు. ఊదారంగుది కోబాల్ట్ యాక్సిలరేటర్. నీళ్లలా తేటగా ఉండేది ఎంఈకేపీ హార్డ్‌నర్. ఈ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, పేలనూవచ్చు. లేబుల్ లేకుండా వీటిని అమ్మడం నేరంతో సమానమని మా అభిప్రాయం. కోబాల్ట్‌ను ముందు రెసిన్‌లో పూర్తిగా కలిపాకే హార్డ్‌నర్ వేయాలి. రెంటినీ ఒకే మూతతో కొలవొద్దు, ఒకే పుల్ల ముంచొద్దు, పక్కపక్కన దాచొద్దు. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ దొరికితే అదే కొనండి.

హార్డ్‌నర్ చుక్క కంట్లో పడితే చూపే పోవచ్చు. మామూలు కళ్లజోడు చాలదు, చుట్టూ మూసుకునే గాగుల్స్ పెట్టుకోండి. పొరపాటున పడితే క్షణం ఆగకుండా కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తండి. 100 గ్రాముల రెసిన్‌కి 1 నుంచి 2 గ్రాముల హార్డ్‌నర్ చాలు. తొందరగా సెట్ కావాలని ఎక్కువ పోస్తే కప్పు పొగలు కక్కుతుంది. కప్పులో మిగిలిన రెసిన్ పూర్తిగా చల్లారేదాకా చెత్తబుట్టలో వేయకండి.

ఇక రెసిన్ నుంచి వచ్చే ఘాటు వాసన స్టైరీన్‌ది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో, ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి వెలువడి నిద్రలో ఉన్నవాళ్ల ఊపిరి తీసింది ఈ స్టైరీనే. కప్పుడు రెసిన్‌కీ ఆ ట్యాంకుకీ పోలిక లేదు, ఒప్పుకుంటాం. కానీ తలుపులు మూసిన హాస్టల్ గదిలో, ఆ పక్కనే పడుకునే స్నేహితుడి మాటేమిటి? కాసేపటికి ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. స్టైరీన్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో తేల్చింది. గుడ్డ మాస్కూ, ఎన్95 మాస్కూ ఈ ఆవిరిని ఆపలేవు. సేంద్రియ ఆవిరుల కోసం చేసిన కార్ట్రిడ్జ్ రెస్పిరేటర్ కావాలి. పైగా దాదాపు 31 డిగ్రీల దగ్గరే అంటుకునేంత ఆవిరి లేస్తుంది. మన ఎండాకాలంలో ఆ వేడికి కొరతేముంది? గాలికన్నా బరువైన ఆ ఆవిరి నేలబారుగా పాకి దోమల చుట్టను, పొయ్యిని చేరుతుంది. కాబట్టి ఈ పని ఆరుబయట నీడలోనే, నిప్పుకి దూరంగా చేయాలి.

గట్టిపడ్డాక రుద్దేటప్పుడు లేచే గాజు పొడికి మాత్రం ఎన్95 పనికొస్తుంది. తడి ఉప్పుకాగితంతో రుద్దితే పొడే తక్కువ లేస్తుంది. హెల్మెట్ లోపలి అంచుల్లో మొనదేలిన గాజు పీచులను అరగదీసి, ఫోమ్ అతికించాకే తలకు పెట్టుకోండి.

ఇంత సరంజామా కుదరకపోతే ఈసారికి ఈవీఏ ఫోమ్ షీటుతో కవచం చేసుకోండి. దానికి వాడే జిగురుకీ కిటికీలు తెరిచే ఉంచాలి.