జబ్బు పనివల్లే వచ్చిందని రుజువు చేయాల్సింది ఎవరు?

ఇరాక్, అఫ్ఘానిస్తాన్ యుద్ధాల కాలంలో అమెరికా సైన్యం తన స్థావరాల్లో పోగయిన చెత్తను పెద్ద పెద్ద గుంతల్లో పోసి తగలబెట్టింది. ప్లాస్టిక్, రంగులు, బ్యాటరీలు, ఆసుపత్రి వ్యర్థాలు, మనుషుల మలం అన్నీ ఆ మంటల్లోకే పోయాయి. చెత్త అంటుకోవడానికి విమాన ఇంధనం కూడా పోసేవారు. ఆ పొగ పీల్చి ఇంటికి చేరిన సైనికుల్లో కొందరికి క్యాన్సర్లు వచ్చాయి. అంతకంటే ఎక్కువమందికి చిన్నదిగా కనిపించే జబ్బు వచ్చింది: ముక్కు మూసుకుపోవడం, కళ్ళ వెనక నొప్పి, చీము, వదలని తలనొప్పి. వైద్యులు దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు.

ఈ జబ్బుకు వైకల్య పరిహారం కోసం అక్కడి మాజీ సైనికులు ఏళ్ల తరబడి అప్పీళ్లు నడిపారు. అమెరికా సైన్యం మీద మనకు ఏ భ్రమలూ అక్కర్లేదు. కానీ ఆ అప్పీళ్లు తేల్చిన ఒక ప్రశ్న మన పారిశుధ్య కార్మికుల ప్రశ్న కూడా. జబ్బు పనివల్ల వచ్చిందో లేదో అనుమానం ఉన్నప్పుడు ఆ అనుమానం భారం ఎవరి మీద పడాలి?

అమెరికా చట్టం ప్రకారం పరిహారం కోరేవాళ్లు మామూలుగా మూడు విషయాలు చూపించాలి. ఇప్పుడు జబ్బు ఉందని, సర్వీసులో ఉండగా దానికి కారణమైన ఘటనో పరిస్థితో ఉందని, ఆ రెండింటికీ సంబంధం ఉందని. సైనస్ కేసులు ఎక్కువగా మూడో మెట్టు దగ్గరే జారిపోయేవి. ఎడారిలో జలుబు చేసిన సైనికుడు డాక్టర్ దగ్గరికి వెళ్లడు, వెళ్లినా మాత్ర ఇచ్చి పంపేస్తారు, కాగితం మీదికి ఏదీ ఎక్కదు. పదేళ్ల తర్వాత దరఖాస్తు పెడితే 'సర్వీసు రికార్డుల్లో చికిత్స ఆధారం లేదు', 'ఇది అందరికీ వచ్చే జబ్బే' అన్న జవాబు వస్తుంది. జబ్బు మామూలుది కావడమే తిరస్కరణకు కారణమైంది.

రెండు వైపులా ఆధారాలు సమానంగా ఉంటే సందేహ లాభం మాజీ సైనికుడికే దక్కాలని అక్కడి చట్టం చెబుతుంది. సర్వీసు కాలపు వైద్య రికార్డు లేదన్న ఒక్క కారణంతో మనిషి మాటను నమ్మదగనిదని కొట్టేయకూడదని 2006లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చింది. కానీ ఈ సూత్రాలను అమలు చేయించుకోవాలంటే అప్పీలు చేసే హక్కు ఉండాలి, సాయం చేసే వకీలు ఉండాలి. 1988 దాకా ఈ పరిహార నిర్ణయాల మీద కోర్టుకు వెళ్లే దారే దాదాపు లేదు. వకీలు ఫీజు పది డాలర్లు మించకూడదన్న అంతర్యుద్ధ కాలపు నిబంధన కూడా అప్పటిదాకా నడిచింది. పది డాలర్లకు కేసు పట్టే వకీలు ఎక్కడ దొరుకుతాడు?

అసలు మార్పు 2021 ఆగస్టులో మొదలైంది. ఆ ప్రాంతాల్లో పనిచేసినవారికి దీర్ఘకాలిక సైనసైటిస్, రైనైటిస్, ఆస్తమా వస్తే అవి సర్వీసువల్లే వచ్చాయని భావించాలని మాజీ సైనికుల వ్యవహారాల శాఖ నిబంధన తెచ్చింది. అయితే సర్వీసు ముగిసిన పదేళ్లలోపు జబ్బు బయటపడాలని షరతు పెట్టింది. 2022 ఆగస్టు 10న అధ్యక్షుడు బైడెన్ సంతకం చేసిన పాక్ట్ చట్టంలో ఆ గడువు కూడా పోయింది. ఇప్పుడు మాజీ సైనికులు చూపాల్సింది రెండే: అక్కడ పనిచేశామని, జబ్బు ఉందని. మధ్యనున్న సంబంధాన్ని చట్టమే ఒప్పుకుంది.

దీంతో పోరాటం అయిపోలేదు, శాతాల లెక్క దగ్గరికి మారింది. జబ్బు ఎక్స్‌రేలో మాత్రమే కనిపిస్తే సున్నా శాతం. ఏడాదికి మూడు నుంచి ఆరుసార్లు తలనొప్పి, చీముతో తిరగబెడితే 10 శాతం, ఆరుసార్లు దాటితే 30 శాతం. మంచం పట్టించిన దాడులకు లెక్క వేరు, కానీ అప్పుడు వైద్యుడి చికిత్స కూడా జరిగి ఉండాలి. సెలవు దొరకక నొప్పితోనే పనికి పోయినవాడి బాధ ఈ లెక్కలో తక్కువగానే తూగుతుంది.

అందరికీ ఒకే తూకం కూడా కాదు. ఇదే శాఖలో నల్లజాతి మాజీ సైనికుల దరఖాస్తులు తెల్లవారి కంటే ఎక్కువగా తిరస్కరణకు గురవుతున్నాయని 2022లో కనెక్టికట్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. వియత్నాంలో పోరాడిన నల్లజాతి మెరీన్ కాన్లీ మంక్ ఆ దావా వేశాడు. 2023లో ప్రభుత్వ ఆడిట్ సంస్థ కూడా ఆమోదాల్లో జాతిపరమైన తేడాలున్నాయని నమోదు చేసింది. ఇక పాక్ట్ చట్టం గీసిన గీతకు బయట ఉన్నవాళ్లు ఎందరో. అదే పొగ పీల్చిన ఇరాకీ గ్రామస్తులకు ఈ చట్టంలో చోటు లేదు. భారత్, నేపాల్, ఫిలిప్పీన్స్ నుంచి వెళ్లి ఆ స్థావరాల్లో ఊడిగం చేసిన కాంట్రాక్టు కార్మికులకూ లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. చట్టం తనంతట తానే సంబంధాన్ని ఒప్పుకునే పద్ధతి భారత రాజ్యానికి తెలియనిది కాదు. చేరేటప్పుడు జబ్బు ఉన్నట్టు నమోదు కాకపోతే, తర్వాత వచ్చిన వైకల్యం సర్వీసువల్లే వచ్చిందని భావించాలని, రుజువు భారం సైనికుడిది కాదని 2013లో ధరంవీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న కార్మికుల పరిహారానికి సంబంధించిన 1923 చట్టంలోనూ వృత్తి జబ్బుల జాబితా ఉండేది. సిలికోసిస్, సీసం విషం వంటివి అందులో ఉండేవి. చెత్త ధూళితో, పొగతో వచ్చే దీర్ఘకాలిక సైనసైటిస్ పేరు అందులో ఉండేది కాదు.

మరి మన కాలువలు దిగేవాళ్లకు, జవహర్‌నగర్ వంటి డంపింగ్ యార్డుల్లో చెత్త ఏరేవాళ్లకు, తెల్లవారకముందే రోడ్లు ఊడ్చే ఆడవాళ్లకు ఏముంది? మ్యాన్‌హోల్ మరణానికి 2014లో సుప్రీంకోర్టు 10 లక్షలు నిర్ణయించింది, 2023 అక్టోబరులో 30 లక్షలకు పెంచింది. ఆ రెండో తీర్పు వైకల్యానికి కూడా కనీసం 10 లక్షలు ఇవ్వాలంది. కానీ ఇరవై ఏళ్ల ధూళి వల్ల వచ్చిన జబ్బును వైకల్యమని ఎవరు రాస్తారు? కాంట్రాక్టర్ మారిన ప్రతిసారీ హాజరు పుస్తకం మారుతుంది. ఎన్నేళ్లు ఏ పని చేసిందో చెప్పే కాగితమే మిగలదు. చివరికి డాక్టర్ 'అలర్జీ' అని రాసి పంపిస్తాడు. ఈ పనిలోకి కులమే నెట్టిందని ఒప్పుకునే రాజ్యం, ఆ పని ఇచ్చిన జబ్బును మాత్రం వ్యక్తి సొంత జబ్బుగా చూస్తుంది.

కాబట్టి మన డిమాండ్లలో మరణ పరిహారంతో పాటు మూడు చేరాలి. పారిశుధ్య పనిలో నిర్ణీత కాలం ఉన్నవారికి వచ్చే శ్వాసకోశ, సైనస్, చర్మ జబ్బులు పనివల్లే వచ్చాయని చట్టం భావించాలి, కాదని రుజువు చేసే బాధ్యత యజమానిది కావాలి. కాంట్రాక్టర్ ఎవరైనా సరే, ఎవరు ఏ పని ఎన్నేళ్లు చేశారన్న రికార్డు మున్సిపాలిటీ దగ్గర ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, అప్పీలుకు ఉచిత న్యాయ సాయం ఉండాలి. రికార్డు రాయనిది యజమాని అయినప్పుడు, రికార్డు లేదన్న శిక్ష కార్మికురాలికి పడకూడదు.