కనుమదారులలో కార్ల పందెములు

జపానుదేశమున కనుమదారిని ‘తోగే’ యందురు. అచ్చటి యువకులు కొందరు నడిరేయి ఆ మలుపులలో దొంగచాటుగా మోటారుకార్ల పందెము లాడుట చిరకాలముగా నున్నదే. వెనుకచక్రములు పట్టుతప్పి జారుచుండగా ముందుచక్రములను ఎదురుదిక్కునకు త్రిప్పి బండిని దారిపై నిలుపుకొనుట సామాన్యమైన నేర్పు గాదు. నాగానో సీమవాడైన త్సుచియా కేయిచి కొండదారులలోనే ఈ విద్య నలవరచుకొని, పిదప పందెపుబాటలపై ప్రఖ్యాతుడయ్యెను. 1995లో వెలువడ నారంభించిన ‘ఇనిషియల్ డి’ బొమ్మలకథ హరునా కొండదారికిని వాసి తెచ్చెను.

కాని ఆ దారి పందెగాండ్ర సొత్తా? ఎదురుగా వచ్చు లారీవాడు ఈ పందెమునకు సమ్మతించెనా? దారికడ్డముగా మిట్టలు కట్టించిన మాత్రమున వ్యసనము మానదు. పందెగాండ్రు మరియొక కొండ కెక్కుదురు. ఈ శతాబ్దారంభమున మొదలైన డి1 పోటీలు ఈ నేర్పునకు జనసంచారములేని బాటలపై చోటు చూపినవి. పాతకారు తప్ప వేరుధనము లేని కుర్రవానికిని అట్టి బాట స్వల్పరుసుముతో లభింపవలెనని మా యభిప్రాయము. అంతవరకు రాత్రివేళ కొండదారులు మూసివేయుటకు మేము వ్యతిరేకులము గాము.