కూర్చోబెట్టి చూసిన బి.పి. చాలదు

మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా ఉన్న పెద్దవారు ఇంట్లో పడిపోతే అందరం ఒకే మాట అంటాం: "వయసైపోయింది కదా, అడుగు తడబడింది." మేమూ చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాం. పడేముందు గుండె ఎలా కొట్టుకుందో, బి.పి. ఎంతకు దిగిందో చూడకుండా నెపాన్ని వయసు మీదకు నెట్టడం తప్పని ఇప్పుడు మా అభిప్రాయం.

మనం పడుకొని లేచి నిలబడగానే దాదాపు అర లీటరు రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. వెంటనే, మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కొద్దిగా పెంచి, మెదడుకు రక్తం తగ్గకుండా చూస్తాయి. చెమట, అరుగుదల, మలమూత్రాలు కూడా ఈ నరాల అధీనంలోనివే. డిమెన్షియా జ్ఞాపకశక్తితోపాటు ఈ నరాలనూ దెబ్బతీయవచ్చు. లూయీ బాడీ డిమెన్షియాలో, పార్కిన్సన్ జబ్బుతో వచ్చే డిమెన్షియాలో ఇది మరీ ఎక్కువ.

ఆ మధ్య ఒక పెద్దాయనను కొడుకు, కోడలు తీసుకొచ్చారు. నెలలో రెండుసార్లు బాత్‌రూమ్ దగ్గర పడ్డారట. "కళ్ళు తిరిగాయా తాతగారూ?" అని అడిగితే, "నేనెప్పుడు పడ్డానమ్మా?" అన్నారు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. మామూలు మనిషి తల తిరిగిందని చెబుతాడు. ఈయన ఆ సంగతే మరచిపోయారు. ఆయన చెప్పలేనిది మనం కొలిచి తెలుసుకోవాలి. పడుకోబెట్టి చూస్తే బి.పి. 150/80. నిలబెట్టి మూడో నిమిషంలో చూస్తే 112/70. నాడి 56 దగ్గరే ఉంది, పెరగలేదు. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే డాక్టరుగారు ఆలోచించవలసిన విషయమే.

ఆయన మందుల సంచిలో బి.పి. మాత్ర, ప్రొస్టేట్ మాత్ర, మతిమరుపుకు డోనెపెజిల్ ఉన్నాయి. ముగ్గురు డాక్టర్లు రాసినవి. మొదటి రెండూ బి.పి.ని దించగలవు. డోనెపెజిల్ కొందరిలో నాడిని నెమ్మదింపజేస్తుంది, స్పృహ తప్పవచ్చు కూడా. అలాగని అది చెడ్డ మందు కాదు, ఎందరికో మేలు చేస్తోంది. మొదలుపెట్టే ముందు నాడి చూడాలి, నాడి నెమ్మదిగా ఉన్నా, గుండె జబ్బు ఉన్నా ఇ.సి.జి. తీయాలి అంటున్నాం, అంతే.

"ఓ.పి.లో ఇంత రద్దీలో అంత టైము ఎక్కడిది సిస్టర్?" అని మా పిల్లలే అడుగుతారు. పడుకోబెట్టి ఐదు నిమిషాలు, నిలబెట్టి మూడు నిమిషాలు. తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం. ఈ ఎనిమిది నిమిషాలు ఖరీదైనవి కావు.

ఇంటివారికి మా మనవి. ఆసుపత్రికి వచ్చేటప్పుడు మందులన్నీ ఒకే సంచిలో తెండి. "నిలబెట్టి కూడా బి.పి. చూడండి" అని మొహమాటపడకుండా అడగండి. పెద్దవారిని మంచం మీంచి ఒక్కసారిగా లేపకండి. కాసేపు కాళ్ళు వేలాడేసి కూర్చోబెట్టి, తర్వాత పట్టుకొని నిలబెట్టండి. భోజనం అయిన వెంటనే, వేడినీళ్ళ స్నానం తర్వాత, రాత్రి మూత్రానికి లేచినప్పుడు దగ్గర ఉండండి. చర్చిలో అందరూ లేచినప్పుడు వారిని కూర్చోనివ్వండి, ఎవరూ తప్పు పట్టరు. ఎండాకాలంలో నీళ్ళు అడగరు కనుక మనమే గుర్తుచేసి తాగించాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ఎంత తాగించాలో, ఉప్పు ఎంత వాడాలో డాక్టరుగారిని అడగండి. ఏ మాత్రా మీ అంతట మీరు మానేయకండి. స్పృహ తప్పినా, నాడి 50 కన్నా తగ్గినా వెంటనే తీసుకురండి.

వారు మరచిపోయినవాటిని మనం గుర్తుపెట్టుకుంటున్నాం. వారు చెప్పలేకపోతున్నవాటిని కూడా మనమే కనిపెట్టాలి.