పొగకు రుచి అంటగట్టకండి

ముంబైలో కట్టెలూ బొగ్గూ కాల్చే బేకరీలన్నీ ఆర్నెల్లలో శుభ్రమైన ఇంధనానికి మారాలని 2025 జనవరి 9న బొంబాయి హైకోర్టు ఆదేశించింది. ఆ రోజు మొదలైన గోల మన దాకా వచ్చింది. పావ్ రుచి చచ్చిపోతుందని, తాతల నాటి భట్టీలను చల్లార్చడమంటే సంస్కృతిని చల్లార్చడమేనని, రేపు హైదరాబాద్ బిర్యానీకీ ఇదే గతి పడుతుందని మాటలు. ఇక్కడేమో హైవే పక్కన, నగరం నడిబొడ్డున, ఎక్కడ చూసినా ‘కట్టెల పొయ్యి వంట’ బోర్డులు. నాటుకోడి పులుసు, రాగి సంకటి, బిర్యానీ ఏదైనా సరే, కట్టె మీద వండారంటే ధర ఓ వంద పెంచుకోవచ్చు. ఆరోగ్యం, రుచి, సంప్రదాయం మూడూ కట్టెల పొయ్యిలోనే ఉన్నాయన్న నమ్మకం చదువుకున్నవాళ్ళలోనే ఎక్కువగా పాకింది. ఇది అబద్ధమే కాదు, హాని చేసే అబద్ధం. పొగ మీద ఆంక్షలున్న ఊళ్ళో, ఆంక్షలు రావాల్సిన ఊళ్ళో, వ్యాపారం కోసం కట్టె కాల్చే పొయ్యికి చోటు లేదు. ‘పొగ రాని కట్టెల పొయ్యి’ కొనుక్కుంటే సరిపోతుందనే మధ్యే మార్గం కూడా నిలబడదు.

ముందు రుచి సంగతి తేలాలి, ఎందుకంటే మిగతా వాదనలన్నీ దాని చాటునే దాక్కుంటున్నాయి. దమ్ బిర్యానీనే చూడండి. అడుగున మసాలా పట్టించిన మాంసం, దాని మీద మూడొంతులు ఉడికిన బియ్యం, పైన మూత. ఆ మూత అంచు చుట్టూ తడి పిండి ముద్ద వత్తి ఆవిరి కూడా బయటికి రాకుండా మూసేస్తారు. ఆవిరి బయటికి రాలేని గిన్నెలోకి పొగ ఏ దారిన పోతుంది? మూత మీద పరిచేవి ఎర్రగా కాలి పొగ వదలడం ఎప్పుడో మానేసిన నిప్పులు. పొగలు కక్కే కట్టెను ఏ వంటవాడూ తెచ్చి మూత మీద పెట్టడు. బిర్యానీ రుచి మందపాటి అడుగుది, నిదానమైన సెగది, తొందరపడని చేతిది. హలీమ్ కూడా అంతే. ఇటుకల భట్టీలో దించిన పెద్ద డేగ్ గిన్నె, గంటల తరబడి సన్న సెగ, ఆపకుండా దంచే కర్రలు, ఆ దెబ్బలకు నార నారగా విడిపోయి గోధుమలో కలిసిపోయే మాంసం. ఈ పని చేసేది వేడీ సమయమూ మనిషి రెక్కల కష్టమూ. నాటుకోడి పులుసు మూత లేని గిన్నెలో ఉడుకుతుంది కనుక దానికి కాస్త పొగ తగలొచ్చు. కానీ పొగచూరిన కూరను మన ఇళ్ళల్లో ఏనాడైనా మెచ్చుకున్నారా? పాలు పొగ వాసన వస్తే వంక పెట్టారు, అన్నం పొగ వాసన వస్తే వండిన మనిషిని తిట్టారు. ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి తిట్లు తిన్న ఆ లోపాన్నే ఇవాళ హోటళ్ళు ప్రత్యేకత అని అమ్ముతున్నాయి. నాకు కోపం తెప్పించేది ముఖ్యంగా ఇదే.

బేకరీల విషయంలో ఈ వాదన మరీ బలహీనం. పాతకాలపు ఇటుక భట్టీలో ముందు కట్టెలు కాలుస్తారు. ఇటుకలు బాగా వేడెక్కాక నిప్పులూ బూడిదా లాగేసి, తడి గుడ్డతో నేల తుడిచి, అప్పుడు పిండి ముద్దలు లోపలికి తోస్తారు. రొట్టె కాలేది ఇటుక దాచుకున్న వేడితో. పొగ అప్పటికే గొట్టం గుండా పక్కింటి కిటికీలోకి వెళ్ళిపోయింది. ఇటుకను గ్యాసుతో వేడి చేసినా కరెంటుతో వేడి చేసినా రొట్టెకు తేడా తెలియదు. పైగా ముంబై భట్టీల్లో కాలుతున్నది మంచి కట్టె కూడా కాదు. చవగ్గా వస్తుందని పాత ఇళ్ళు కూల్చినప్పుడు దొరికే తలుపులు, విరిగిన ఫర్నిచర్, ప్యాకింగ్ పెట్టెల చెక్క వాడుతున్నారు. వాటికి రంగు ఉంటుంది, వార్నిష్ ఉంటుంది, ప్లైవుడ్‌లో జిగురు ఉంటుంది. అవి కాలిన పొగలో ఏ సంప్రదాయం ఉంది? తందూరీ, కబాబ్ సంగతి వేరని ఒప్పుకుంటాను. అక్కడ కొవ్వు నిప్పుల మీద కారి లేచే పొగ మాంసానికి నిజంగానే పడుతుంది. దానికీ మన వంటల్లోనే ధుంగార్ ఉంది. ఎర్రగా కాల్చిన చిన్న బొగ్గు ముక్కను గిన్నెలో పెట్టి, మీద నెయ్యి చుక్క వేసి, రెండు నిమిషాలు మూత పెడితే ఆ వాసన వస్తుంది. దాని కోసం వీధిని రోజంతా పొగబెట్టనక్కర్లేదు. తాజ్‌మహల్ చుట్టూ పదివేల నాలుగు వందల చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో పరిశ్రమలు బొగ్గు మానాలని 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు ఫిరోజాబాద్ గాజు కొలిమిలు మూతపడతాయని ఇలాగే గోల చేశారు. ఆ కొలిమిలు సహజ వాయువుకు మారాయి, గాజులు ఇప్పటికీ అక్కడి నుంచే దేశమంతా వస్తున్నాయి. వెయ్యి డిగ్రీలు దాటి గాజును కరిగించే వేడి గ్యాసుతో వచ్చినప్పుడు రొట్టె కాల్చే వేడి రాదా?

ఇక ‘మెరుగైన పొయ్యి’ వాదన. దీన్ని కాస్త లోతుగా చూడాలి, మంచి మనసున్నవాళ్ళే దీనికి పడిపోతున్నారు గనుక. కట్టెలో మంటగా కాలేది చాలా మటుకు కట్టె కాదు, అది వేడెక్కి వదిలే వాయువులు. ఎండు కట్టె బరువులో డెబ్బై, ఎనభై శాతం అలా వాయువయ్యేదే. ఆ వాయువు పూర్తిగా కాలాలంటే సరిపడా గాలి, ఆరేడు వందల డిగ్రీల వేడి, మంటలో కాసేపు నిలిచే వ్యవధి ఒకేసారి దొరకాలి. ఒకటి తగ్గినా కాలని వాయువు చల్లబడి తారు తుంపరగా, మసిగా మారుతుంది. మనం పొగ అనేది దాన్నే. పచ్చి కట్టె పొయ్యిలో పెట్టి చూడండి, రెండో చివర బుసబుసమంటూ నురగ కారుతుంది. అప్పుడే కొట్టిన కట్టె బరువులో సుమారు సగం నీళ్ళే, ఆ నీళ్ళను ఆవిరి చేయడంలోనే మంట నీరసపడుతుంది. కట్టె ఎండినదే అనుకున్నా, మంట మీద చల్లని గిన్నె పెట్టగానే మంట కొస చల్లబడి మసి పడుతుంది. గిన్నె అడుగు నల్లబడేది అందుకే. అన్నిటికన్నా ముఖ్యం, వంటకు కావలసింది సన్న సెగ. సన్న సెగ కావాలంటే కట్టె వెనక్కి లాగాలి లేదా గాలి తగ్గించాలి. ఆ రెండు పనులూ పొగను పెంచేవే. ఏ నిదానపు సెగను కట్టెల పొయ్యి గొప్ప అంటున్నారో, ఆ సెగలోనే కట్టె అన్నిటికన్నా మురికిగా కాలుతుంది. గ్యాసు పొయ్యికి, ఇండక్షన్ స్టవ్‌కు ఈ చిక్కు లేదు.

పొగలేని పొయ్యి కల కొత్తదేమీ కాదు. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాలయం డైరెక్టర్ ఎస్.పి. రాజు మట్టితో, పొగగొట్టంతో అలాంటి పొయ్యి రూపొందించి 1953లో దాని మీద ఇంగ్లిషులో పుస్తకమే వేశారు. కోట్లాది వంటిళ్ళ నుంచి పొగ పోవాలని ఆయన నిజాయితీగా తపించారు, ఆ తపనకు నమస్కారం. 1983లో కేంద్రం జాతీయ కార్యక్రమం పెట్టి రెండు దశాబ్దాల్లో మూడు కోట్లకు పైగా పొయ్యిలు పంచింది. వాటిలో ఎన్ని నిలిచాయో పల్లెలు తెలిసినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. గొట్టం మసితో పూడుకుంటుంది, మట్టి పగులుతుంది, పెద్ద గిన్నె పట్టడానికి నోరు వెడల్పు చేస్తారు, రెండో నోరు ఖాళీగా వదిలేస్తారు, పొగ మళ్ళీ ఇంట్లోకే. ఒడిశాలో ఆర్థికవేత్తలు రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ నాలుగేళ్ళు పరిశీలిస్తే తేలింది ఇదే. మొదటి ఏడాది పొగ పీల్చడం తగ్గింది, ఆ తర్వాత తేడా మిగల్లేదు. ఆఫ్రికాలోని మలావీలో ఫ్యాను ఉన్న పొయ్యిలు ఇచ్చి చూసినా పిల్లల్లో న్యుమోనియా తగ్గలేదు. ఇక ముద్ర వేసి అమ్మే పొయ్యి లెక్క చూద్దాం. భారతీయ ప్రమాణం ఐఎస్ 13152 ప్రకారం ఫ్యాను ఉన్న కట్టెల పొయ్యి, గిన్నెకు చేరిన ప్రతి మెగాజౌల్ వేడికి 150 మిల్లీగ్రాముల ధూళి దాకా వదలొచ్చు. ఫ్యాను లేనిది 350 దాకా వదలొచ్చు. గిన్నెకు ఒక కిలోవాట్ వేడి చేరుతోందనుకుంటే మంచి పొయ్యి కూడా నిమిషానికి 9 మిల్లీగ్రాములు వదిలి పాసవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో సన్నధూళికి (పీఎం 2.5) పెట్టిన లక్ష్యం పొగగొట్టం ఉన్న పొయ్యికి నిమిషానికి 0.80 మిల్లీగ్రాములు, గొట్టం లేనిదానికి 0.23. పొయ్యి ధూళిలో ఎక్కువ భాగం సన్నధూళే కనుక పదింతలకు పైగా తేడా. మన ముద్ర ఉన్న పొయ్యి పాత పొయ్యి కన్నా మేలే, కానీ శుభ్రమైనది కాదు. ఈ రెంటినీ ఒకటి చేసి అమ్మడం మానాలి.

బ్రిటన్‌లో కట్టెల పొయ్యి నడుస్తోంది కదా అంటారు. నడుస్తున్న తీరు చూడండి. 1952 డిసెంబర్ 5 నుంచి 9 దాకా లండన్‌ను కమ్మిన బొగ్గు పొగకు నాలుగు వేల మంది పోయారని అప్పటి లెక్క, పన్నెండు వేలని తర్వాతి పరిశోధకుల లెక్క. దాంతో 1956లో చట్టం వచ్చింది, పొగ నియంత్రణ ప్రాంతాలు వచ్చాయి. అక్కడ కట్టె కాల్చాలంటే ప్రభుత్వం ఆమోదించిన పొయ్యే ఉండాలి. ఇంగ్లండ్‌లో 2021 నుంచి చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెలో తేమ 20 శాతం మించకూడదు, పొగ నియంత్రణ ప్రాంతంలో గొట్టం నుంచి పొగ కనిపిస్తే 300 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. 2022 నుంచి కొత్త పొయ్యిలకు ఇంకా గట్టి ప్రమాణం. ఇంత కట్టుదిట్టం చేశాక కూడా, ఆమోదం పొందిన పొయ్యిలున్న ఇళ్ళలోనే షెఫీల్డ్ విశ్వవిద్యాలయం వారు కొలిస్తే, పొయ్యి వెలిగినప్పుడు ఇంట్లో సన్నధూళి సగటున మూడు రెట్లయిందని 2020లో తేలింది. కట్టె వేయడానికి తలుపు తీసిన ప్రతిసారీ ధూళి గదిలోకి వస్తోంది. అది కూడా తలుపు మూసి ఉండే, గది వెచ్చబెట్టే పొయ్యి. మన వంట పొయ్యికి తలుపే ఉండదు. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళు హాల్లో పొయ్యి చూసి ముచ్చటపడితే, ఎండిన కట్టే వాడాలి, సన్న పుల్లలు పైన పెట్టి పైనుంచి అంటించాలి, రాత్రంతా గాలి మూసి మగ్గబెట్టకూడదు. అసలు అంటించకపోతే ఇంకా మంచిది.

మన తాతలు కట్టెల పొయ్యి తిండి తిని నూరేళ్ళు బతికారనే మాటకు జవాబు చెప్పడం కూడా విసుగే. నూరేళ్ళు బతికినవాళ్ళే గుర్తుంటారు, దగ్గుతూ పోయిన అమ్మమ్మలు లెక్కలోకి రారు. ఇంటి పొయ్యిల పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. వారిలో అయిదేళ్ళలోపు పిల్లలే రెండు లక్షల పైచిలుకు. బొగ్గుకు పొగ రాదు కదా అనేవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్‌ను మరిచిపోతున్నారు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకుని తెల్లారి లేవనివాళ్ళ వార్త ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. వాహనాల పొగ ఎక్కువ కదా అంటారు. ఎక్కువే, దాన్నీ ఆపాలి. ఒకటి ఉందని ఇంకోటి ఉండనివ్వమనడం వాదన కాదు. కరెంటూ బొగ్గుదే కదా అంటే, ఆ విద్యుత్ కేంద్రానికి ధూళి పట్టే యంత్రాలు పెట్టమని అడగొచ్చు, దాని గొట్టం కొలవొచ్చు. వీధిలో వంద భట్టీలకు వంద కాపలాలు పెట్టలేం. ఆ కేంద్రాల పక్కన ఉన్న ఊళ్ళ బాధ చిన్నదని నేననడం లేదు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం తల వంచి జవాబు చెప్పాలి. ఆంక్ష అనగానే పేదవాళ్ళ పొయ్యి మీద పడతారన్న భయం న్యాయమైనది. దీపం పథకం 1999లో, ఉజ్వల 2016లో వచ్చాయి. గ్యాసు బండ ఇంటికి చేరింది, రెండో బండ కొనే డబ్బు చేరలేదు, అందుకే చాలా ఇళ్ళలో కట్టె ఆరలేదు. పుల్లలేరుకుని గంజి కాచుకునే ఆమెకు జరిమానా వేసే చట్టాన్ని నేనే మొదట వ్యతిరేకిస్తాను. కానీ బోర్డు పెట్టి, ధర పెంచి, పొగను అమ్ముకునే హోటల్ ఆమె చాటున నిలబడకూడదు. ఆమెకు కట్టె గతిలేక, వాడికది గిరాకీ. పొగలో గంటల కొద్దీ నిలబడేది కూడా ఆ యజమాని కాదు, హలీమ్ భట్టీ దగ్గర కర్ర తిప్పే కూలీ. కళ్ళు ఎర్రబడి, మెడకు చుట్టుకున్న తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ సీజనంతా అతను పీల్చే గాలికి ఏ బిల్లులోనూ ధర లేదు.

చేయాల్సింది మొదలుపెట్టొచ్చు. ఢిల్లీ చుట్టుపక్కల గాలి చెడ్డప్పుడు హోటళ్ళ తందూర్లలో బొగ్గు, కట్టె ఆపుతున్నారు. మన నగరాల్లో గాలి చెడేదాకా ఆగకుండా, ట్రేడ్ లైసెన్సు కొత్తగా ఇచ్చేటప్పుడూ పునరుద్ధరించేటప్పుడూ ఇంధనం ఏమిటని అడగాలి, కట్టె అయితే గడువు పెట్టాలి. పైపు గ్యాసు ఉన్న వీధుల నుంచి మొదలుపెట్టొచ్చు. పెద్ద డేగ్‌లకు గ్యాసు బర్నర్లు, బేకరీలకు కరెంటు ఓవెన్లు ఇప్పటికే మార్కెట్లో ఉన్నాయి. చిన్న బేకరీవాడికి ఓవెన్ మార్చే అప్పు తక్కువ వడ్డీకి ఇవ్వాలి, ఎంత, ఎవరు అన్నది మున్సిపాలిటీలూ బ్యాంకులూ కూర్చుని తేల్చుకోవాలి. కట్టెలమ్మేవాళ్ళ బతుకుతెరువుకు ఏదో దారి చూపాలి. గడువు ముగిశాక పొగ కనిపించిన వంటశాలకు జరిమానా యజమాని పేరునే రాయాలి, వంటవాడి జీతంలోంచి కోయనివ్వకూడదు.