గడీ దర్వాజా ఒక్కటే చూపిస్తే ఎలా?

సంపాదకులకు,

తెలంగాణ దొరల కోటల్లాంటి గడీలను పర్యాటక కేంద్రాలు చేయాలన్న లేఖ మీ పత్రికలో చదివాను. చేయండి, నాకేం అడ్డులేదు. పాత గాయాలు కెలకకుండా శిల్పకళ చూపిస్తే చాలన్న మాట దగ్గరే నా పేచీ.

చెక్కిన దర్వాజా సరే, దాని ముందు చెప్పులు చేతబట్టుకుని నిలబడ్డవాళ్ల సంగతో? చాకలి బట్టలుతికాడు, కుమ్మరి కుండలిచ్చాడు, మాదిగ చెప్పులు కుట్టిచ్చాడు. కూలి లేదు; అది వెట్టి. భాగేలా ఇంకా ఘోరం: తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతముండాలి. చివరికి నిజాం సర్కారే 1936లో భాగేలా ఒప్పందాలపై చట్టం తెచ్చింది. దొరల ఊళ్లలో దాన్ని పట్టించుకున్నదెవరు? పదేళ్ల తర్వాత, 1946 జులై 4న, కడవెండిలో దొరల మీద తిరగబడ్డ దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలయ్యాడు.

భవనంతో పాటు చాకిరీ చేసినవాళ్ల కథా చూపించొచ్చు. అమెరికాలో, లూసియానాలోని విట్నీ చెరకు తోటను 2014లో మ్యూజియంగా జనానికి తెరిచారు. అక్కడ కథంతా బానిసలదే. వాళ్ల గుడిసెలున్నాయి, పేర్లు చెక్కిన గోడలున్నాయి. యజమాని బంగ్లా ఎక్కడికీ పోలేదు, అదీ ఉంది.

మా ఖేడ్ తండాల నుంచి ఇప్పటికీ కుటుంబాలు అడ్వాన్సు పుచ్చుకుని చెరకు కొట్టడానికి వలసపోతాయి. బడి మానేసి లారీ ఎక్కిన పిల్లల్ని కళ్లారా చూశాను. గడీకి విహారయాత్ర వేస్తే ముందు వాళ్లనే తీసుకెళ్లండి. భాగేలా అంటే ఏమిటో మనకన్నా తొందరగా పట్టేస్తారు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నారాయణఖేడ్