యెవరి ఖైదీలు?

1989 ఫిబ్రవరి 14న ఖొమేనీ ఒక నవలా రచయితను చంపమని ఫత్వా యిచ్చిన సంగతి చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. అంతకు ఆరున్నర మాసాల ముందు, 1988 జూలై ఆఖరున, ఆయనే మరొక ఫత్వా యిచ్చాడని యెంతమందికి తెలుసు? రష్దీ మీది ఫత్వాకు జవాబుగా పశ్చిమ ఐరోపా ప్రభుత్వాలు తమ రాయబారులను టెహ్రాన్ నుంచి వెనక్కి పిలిపించాయి. అంతకు ముందరి ఫత్వా వల్ల వేలాదిమంది ఖైదీలు ఉరికంబం యెక్కారు. అప్పుడు యే రాయబారీ పెట్టె సర్దుకోలేదు. రష్దీ పక్షాన లేచిన గొంతులను నేను తప్పుపట్టడం లేదు. అవి ఆరు నెలల కిందట యెక్కడ వున్నాయని మాత్రమే అడుగుతున్నాను.

చంపబడినవాళ్ళు యుద్ధరంగంలో పట్టుబడినవాళ్ళు కారు. కరపత్రాలు పంచినందుకు, పత్రికలు అమ్మినందుకు, ఊరేగింపుల్లో నడిచినందుకు యేళ్ళ తరబడి శిక్ష అనుభవిస్తున్నవాళ్ళు వారిలో యెందరో. కొందరి శిక్షాకాలం అప్పటికే ముగిసిపోయింది కూడా. ఇరాన్ కాల్పుల విరమణకు ఒప్పుకున్న కొద్దిరోజులకే ముజాహిదీన్ దళాలు ఇరాక్ గడ్డమీదినుంచి దాడి చేశాయి. ఆ దాడి మంచి సాకుగా దొరికింది. జైళ్ళలో ములాఖతులు ఆగిపోయాయి, పత్రికలు రావడం మానేశాయి. ఎవిన్, గోహర్‌దశ్త్ జైళ్ళలో ఒక సంఘం కూర్చుని ఖైదీలను ఒక్కొక్కరినే పిలిచి కొన్ని నిమిషాల్లో తేల్చేసింది. ఆ సంఘంలో కూర్చున్న ఇబ్రహీం రయీసీ 2021లో దేశాధ్యక్షుడయ్యాడు!

మొదట ముజాహిదీన్‌ల వంతు. ఆగస్టు ఆఖరు నుంచి తుదే పార్టీవారూ, ఫెదాయీలూ, యితర వామపక్షీయులూ. వాళ్ళనడిగిన ప్రశ్నలు నేరానికి సంబంధించినవి కావు. నువ్వు ముసల్మానువా? నమాజు చేస్తావా? కాదన్న మగవాడు మతభ్రష్టుడు, అతనికి ఉరి. స్త్రీలకు నమాజు వేళవేళకూ కొరడాదెబ్బలు, ఒప్పుకునేదాకా. ఆమ్నెస్టీ లెక్క ప్రకారం ఆ కొద్దివారాల్లో కనీసం 5,000 మంది హతులయ్యారు. శవాలను ఇళ్ళకు అప్పగించలేదు. టెహ్రాన్ శివారు ఖావరాన్‌లో గుర్తులేని గోతుల దగ్గరికి తల్లులు పూలు పట్టుకుపోతే, వారిని పోలీసులు తరిమికొట్టారు.

దీన్ని యెదిరించి మాట్లాడిన పెద్దమనిషి ఒకడు ఆ ప్రభుత్వంలోనే వున్నాడు. ఖొమేనీకి వారసుడుగా నిర్ణయమైన ఆయతుల్లా మొంతజరీ 1988 ఆగస్టు 15న ఆ సంఘసభ్యులను పిలిపించి, యిది యిస్లామిక్ రాజ్యం చేసిన అతిపెద్ద నేరమనీ, చరిత్ర మిమ్మల్ని నేరస్తులుగా వ్రాస్తుందనీ ముఖంమీదే చెప్పాడు. 1989 మార్చిలో ఆయన వారసత్వం వూడిపోయింది. ఆనాటి మాటల టేపు 2016లో బయటపడింది. మతపెద్దలనందరినీ ఒకే గాటను కట్టే మన హేతువాద మిత్రులు దీన్ని కాస్త గుర్తుంచుకుంటే మంచిది.

మరి లోకం? ఐక్యరాజ్యసమితి మహాసభ 1988 డిసెంబరు తీర్మానంలో ఆ మరణశిక్షల ప్రస్తావన తెచ్చి వూరుకుంది. సోవియట్ విదేశాంగమంత్రి షెవర్నాద్జే 1989 ఫిబ్రవరిలో టెహ్రాన్ వెళ్ళి ఖొమేనీని దర్శించుకున్నాడు. తుదేవారి నెత్తురు అప్పటికింకా ఆరలేదు. అమెరికా సంగతి ఇంతకన్న ఘనం. 1983లో తుదే పార్టీ వివరాలు టెహ్రాన్‌కు అందేటట్టు అమెరికా తోడ్పడిందనీ, వాటి ఆధారంగా ఖొమేనీ ప్రభుత్వం సామూహిక మరణశిక్షలు అమలు జరిపిందనీ ఆ దేశాధ్యక్షుడు నియమించిన టవర్ కమిషనే 1987లో వ్రాసింది. 1985, 86లలో ఆ ప్రభుత్వానికే దొంగచాటుగా క్షిపణులు అమ్మినదీ ఆ అమెరికాయే. యీ పెద్దమనుషులు మానవహక్కులంటూ కన్నీరు కారుస్తుంటే వినడానికి చెవులు చాలవు!

అయితే నా వాదం వాషింగ్టన్‌తో కాదు, మనవాళ్ళతోనే. "ఇరాన్ సామ్రాజ్యవాదానికి యెదురునిలిచిన రాజ్యం. దాని జైళ్ళ గురించి యిప్పుడు మాట్లాడితే శత్రువు చేతికి కత్తి అందించినట్టే" అంటున్నారు కొందరు. 1953లో మొసద్దేఖ్‌ను కూలదోసిందెవరో నాకూ తెలుసు. కాని యీ వాదం కొత్తది కాదు. సరిగ్గా యిదే వాదంతో తుదే పార్టీ ఖొమేనీని బలపరిచింది. కవి, నాటకకర్త సయీద్ సుల్తాన్‌పూర్ షా కాలంలో జైలుపాలైన వామపక్షీయుడు. 1981లో అతన్ని తన పెళ్ళిపందిట్లోనే అరెస్టుచేసి, జూన్‌లో కాల్చి చంపారు. అప్పటికీ తుదే నాయకులు ప్రభుత్వాన్ని సమర్థిస్తూనే వున్నారు. 1983లో అదే నాయకులను టెలివిజన్ ముందు కూర్చోబెట్టి నేరాలు ఒప్పించారు. 1988లో కార్యకర్తల మెడలకు తాళ్ళు బిగించారు. సామ్రాజ్యవాద వ్యతిరేకత అన్న పత్రం చూపించి యెవరైనా ఆ ఉరికంబం దిగగలిగారా?

అలాగని విముక్తి ఆకాశంనుంచి వస్తుందా? 2025 జూన్ 23న ఇజ్రాయెల్ బాంబులు ఎవిన్ జైలుమీద పడ్డాయి. ఇరాన్ అధికారుల లెక్కనుబట్టే డెబ్బైమందికి పైగా చనిపోయారు. వారిలో ఖైదీలున్నారు, వాళ్ళను చూడవచ్చిన బంధువులున్నారు. లోపల ఉరితాడు, పైన బాంబు. ఖైదీకి మాత్రం యీ రెండింటిలో యేదో ఒకటి కోరుకోమని మన సలహా!

2022లో మహ్సా అమీనీ మరణం తరువాత రేగిన ఉద్యమంపై జరిగిన అణచివేతను విచారించాలని నవంబరు 24న మానవహక్కుల మండలిలో తీర్మానం వచ్చింది. అనుకూలం 25, వ్యతిరేకం 6. చైనా, క్యూబా వ్యతిరేకించాయి. భారతదేశం యెటూ వోటు వెయ్యని 16 దేశాల్లో కలిసి కూర్చుంది. మన అమలాపురం బిడ్డ సాయిబాబా కోసం సమితి నిపుణులు మాట్లాడిననాడు, అది యీ దేశపు అంతర్గత వ్యవహారమని మనలో యెవరమైనా అన్నామా? సంతోషించాము. ఖైదీ, ఖైదు అన్న మాటలు మనకు పారశీకంనుంచే వచ్చాయి. అక్కడి ఖైదీకి మాత్రం వేరే కొలబద్ద పెడతామా?

ప్రభుత్వాల కొలబద్దలు యెలా వుంటాయో స్వీడన్ చూపించింది. గోహర్‌దశ్త్ హత్యాకాండలో పాల్గొన్న హమీద్ నూరీని 2019లో పట్టుకుని, 2022లో యావజ్జీవశిక్ష వేసింది. 1988 నేరాలకు ఒక న్యాయస్థానం శిక్షవేయడం అదే మొదలు. 2024 జూన్‌లో తన పౌరులిద్దరిని విడిపించుకోవడానికి అదే నూరీని టెహ్రాన్‌కు అప్పగించేసింది. స్వీడన్ పౌరసత్వమున్న వైద్యుడు అహ్మద్‌రెజా జలాలీ 2016 నుంచి ఇరాన్ జైల్లో మగ్గుతున్నాడు, అతనిమీద మరణశిక్ష వుంది. ఆ బేరంలో అతని పేరు లేదు.